చవక సింగారం: ఒక చారిత్రక పరిశీలన

మన కథల్లోనూ నాటకాల్లోనూ "స్నో, పౌడరు" అనే జంట మాటకు చాలాకాలంగా ఒక స్థిరమైన స్థానం వున్నది. ఒక స్త్రీపాత్ర పట్నవాసపు మోజులో పడిందని చెప్పదలచిన రచయిత ముందుగా ఆమె చేతికి ఒక పౌడరు డబ్బా అందిస్తాడు. గుమాస్తా జీతం చాలటం లేదంటే, తప్పు జీతం ఇచ్చేవాడిది కాక, అద్దం ముందున్న స్నో సీసాది అవుతుంది. సనాతనులు ఈ ఎగతాళి చేశారంటే ఆశ్చర్యం లేదు. ఆడది ముఖం కడుక్కుని వీధిలోకి రావటమే వారికి కిట్టదు. కాని అభ్యుదయవాదులమని చెప్పుకునే మనం కూడా అదే ఎగతాళిని "బూర్జువా విలాసం" అనే కొత్త పేరుతో వల్లించటం విచారించవలసిన విషయం.

బట్టలకొట్టులో పది గంటలు నిలబడి పనిచేసే అమ్మాయి జీతం అందిన రోజున నాలుగు షాంపూ పొట్లాలు, ఒక సబ్బు, ఒక ముఖపు క్రీము, ఒక కాటుక కొనుక్కుంటుంది. ఆ కొనుగోలులో అవసరం ఎంత? ఆనందం ఎంత? మోసం ఎంత? ఈ మూడింటినీ విడదీసి చూడకుండా అంతా మోసమే అన్నా, అంతా స్వేచ్ఛే అన్నా ఆమెకు ఒరిగేదేమీ లేదు. ఆ సరుకులు ఆమెకు అందుబాటులోకి ఏ మార్గాన వచ్చినవో, వస్తూ వస్తూ తమతో ఏమేమి మోసుకొచ్చినవో తెలుసుకోవాలి. అందుకు చరిత్రే ఆధారం.

"మా రోజుల్లో సింగారానికి కానీ ఖర్చు లేదు, పెరడే దుకాణం" అని పెద్దలు చెప్పే మాటలో సగం నిజం వున్నది. కుంకుడుకాయ, శీకాయ, పెసరపిండితో చేసిన సున్నిపిండి, పసుపు, గోరింటాకు, ఆముదం దీపపు మసితో పట్టిన కాటుక - వీటిలో చాలావాటికి డబ్బు పెట్టనక్కర లేకపోయింది. కుంకుడుకాయలోనూ శీకాయలోనూ వుండే సపోనిన్ అనే పదార్థం నీటిలో నురుగు తెచ్చి జిడ్డును విడదీస్తుంది. ఏ రసాయనశాలా లేని రోజుల్లో దాన్ని కనిపెట్టి వాడిన జనం పరిశీలనా శక్తి సామాన్యమైనది కాదు.

కాని డబ్బు పెట్టనిచోట పెట్టినదేమిటి? శ్రమ. కాయలు కొట్టి గింజలు తీయాలి, నానబెట్టాలి, పిసకాలి, వడగట్టాలి. నీళ్ళు తోడాలి, కట్టెలు తేవాలి, కాచాలి. తలంటు అంటే ఒక పూట పని. ఆ పూట ఎవరి దగ్గర వున్నది? నాట్ల రోజుల్లో తెల్లవారకముందే పొలానికి పోయే కూలి స్త్రీకి పెరడు లేదు, పూట అసలే లేదు. పెరటి సింగారం చవకగా కనబడటానికి కారణం ఇంటి ఆడవారి శ్రమనూ, పనిమనిషి శ్రమనూ ఎవరూ లెక్కలో రాయకపోవటమే.

వెల రూపాయల్లోనే వుండదు. భర్త పోయిన స్త్రీకి పసుపు, కుంకుమ, పూలు నిషిద్ధం. అగ్రవర్ణాల ఇళ్ళల్లో తలజుట్టు కూడా తీయించేవారు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు, ఆ పెళ్ళికూతురికి తిరిగి దక్కినవాటిలో కుంకుమబొట్టు కూడా ఒకటి. అలంకరణ ఎవరికి అర్హం, ఎవరికి అనర్హం అన్నది భూస్వామ్య సమాజంలో కులమూ మగవాడూ నిర్ణయించిన విషయం. కనుక పాత రోజులను బంగారు యుగంగా వర్ణించి, అక్కడినుంచి నేటి బజారును తిట్టటం చరిత్ర కాదు.

తరువాతి ఘట్టం సబ్బుది. 1888లో కలకత్తా రేవులో ఇంగ్లండునుంచి వచ్చిన సన్‌లైట్ సబ్బు పెట్టెలు దిగినవి. 1895లో లైఫ్‌బాయ్ వచ్చింది. కొవ్వునో నూనెనో క్షారంతో కలిపి మరిగిస్తే సబ్బు అవుతుందన్నది పాత సంగతే. దాన్ని యంత్రాల మీద లక్షల కొలదిగా తయారుచేసి, ఒకే తూకానికి కోసి, కాగితం చుట్టి, పేరు ముద్రవేసి అమ్మటం మాత్రం కొత్త. సరుకుతోపాటు పేరును అమ్మటం మన దేశంలో అప్పుడు వేళ్ళూనుకున్నది.

విదేశీ సబ్బుకు స్వదేశీ జవాబు ఆలస్యం కాలేదు. అర్దేషీర్ గోద్రెజ్ జంతువుల కొవ్వు లేకుండా మొక్కల నూనెతో చేసిన "చావీ" సబ్బు 1918లో బజారుకు వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధం మూలంగా జర్మనీకి గంధపుచెక్క ఎగుమతి నిలిచిపోయినప్పుడు మైసూరు సంస్థానం 1916లో గంధపునూనె తీయటం మొదలుపెట్టి, ఆ నూనెతోనే మైసూరు శాండల్ సబ్బును తయారుచేయించింది. యుద్ధం మూసిన దారి ఒక ప్రభుత్వ పరిశ్రమకు దారి తీసిందన్నమాట. 1919లో బొంబాయిలో పటన్‌వాలా "ఆఫ్ఘన్ స్నో" తెచ్చాడు.

ఈ స్నో అనే సరుకు ఏమిటో కాస్త చూడాలి. స్టియరిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లంలో కొంత భాగాన్ని క్షారంతో సబ్బుగా మార్చి, ఎక్కువ పాళ్ళు నీళ్ళు, కాస్త గ్లిసరిన్ కలిపి చిలికితే మంచులాంటి తెల్లని ముద్ద తయారవుతుంది. రాసుకున్నప్పుడు నీరు ఆరిపోయి, చర్మం మీద పలచని పొర మిగులుతుంది. సీసాలో ఎక్కువ భాగం నీరే. పౌడరు సంగతి ఇంకా సులభం. అది టాల్క్ అనే మెత్తని రాయి పొడి. మన పిల్లలు పలకమీద రాసే బలపం ఏ జాతి రాయో ఇదీ ఆ జాతిదే. పూర్వపు కర్నూలు, అనంతపురం జిల్లాలలో ఆ రాయిని తవ్వి తీశారు. అంటే ఈ సరుకుల్లో ముడిపదార్థం వెల మొదటినుంచీ తక్కువే. వెల పెంచినవి సీసా, సువాసన, పేరు, ప్రకటన.

ప్రకటన దగ్గర సాహిత్యానికి కూడా ఈ కథలో పాలు వున్నది. కలకత్తాలో హేమేంద్రమోహన్ బోస్ అనే వ్యాపారి తన "కుంతలీన్" తలనూనె ప్రచారానికి 1896లో కథల పోటీ పెట్టాడు. కథలో ఎక్కడో ఒకచోట నూనె పేరు రావాలన్నది నిబంధన. మొదటి బహుమతి జగదీశచంద్ర బోస్‌కు వచ్చింది. సముద్రంలో తలనూనె పోయగా తుపాను శాంతించటం ఆ కథావస్తువు. తెలుగు పాఠకులు సొంత రచయితగా భావించే శరత్‌చంద్రుడు కూడా మేనమామ పేరుతో పంపిన "మందిర్" కథకు 1903లో ఈ బహుమతే పొందాడు. మన దగ్గరా పరిస్థితి భిన్నం కాదు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు ఆ రాబడితోనే 1908లో "ఆంధ్రపత్రిక"నూ, 1924లో "భారతి"నీ నడిపారు. మందుల వ్యాపారి కె. ఎన్. కేసరి 1928లో మద్రాసునుంచి "గృహలక్ష్మి"ని తెచ్చారు. సీసాల్లో అమ్మే సరుకుల లాభంమీదే మన ఆధునిక సాహిత్యంలో ఒక భాగం అచ్చయింది. సీసాను చూసి ముక్కు విరిచే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవటం మంచిది.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత సమస్య మరో రూపం దాల్చింది. పైతరగతి స్త్రీలు కొనే విదేశీ అలంకరణ సామగ్రికి విదేశీ మారకద్రవ్యం తరలిపోతున్నదని నెహ్రూ ప్రభుత్వానికి ఆందోళన కలిగింది. ఆ నేపథ్యంలోనే 1952లో టాటాలు, ఫ్రెంచి కంపెనీల సహకారంతో "లాక్మే"ను స్థాపించారు. ఒక ఫ్రెంచి సంగీతనాటకంలోని నాయిక పేరది; మన "లక్ష్మి"కే ఫ్రెంచి ఉచ్చారణ. ఉక్కు కర్మాగారాల గురించి ఆలోచించే దేశం పెదవిరంగు గురించి కూడా ఆలోచించవలసి వచ్చింది; అదే దేశం ఆ పెదవిరంగును విలాసవస్తువుల పద్దులో రాసి భారీ ఎక్సైజు సుంకం వేసింది. దేశీయమైంది కాని, చవక కాలేదు.

ఈ దశలో జరిగిన మరో మార్పు అంతగా ఎవరూ చెప్పుకోరు, కాని సామాన్యుడి దృష్టిలో అదే ముఖ్యమైనది. 1940 నాటి ఔషధ చట్టాన్ని 1962లో సవరించి, అలంకరణ వస్తువులను దాని పరిధిలోకి తెచ్చారు. ముఖానికి రాసుకునేది కూడా శరీరానికి సంబంధించిన విషయమేననీ, దానికి లైసెన్సు, తనిఖీ వుండాలనీ చట్టం మొదటిసారి ఒప్పుకున్నది.

ప్రభుత్వం దేన్ని అవసరమనుకుంటుంది, దేన్ని విలాసమనుకుంటుంది అనేది పన్నుల పట్టికలో తెలుస్తుంది. 2017లో జి.ఎస్.టి. వచ్చినప్పుడు కుంకుమకూ, బొట్టుబిళ్ళలకూ, గాజులకూ పన్ను లేదు. బహిష్టు రోజుల్లో వాడే శానిటరీ నాప్‌కిన్ల మీద 12 శాతం వున్నది. మహిళల ఆందోళన తరువాత 2018 జూలైలో గాని అది పోలేదు. సబ్బు, షాంపూ, తలనూనె, ముఖపు పౌడరులపై వున్న 18 శాతం పన్ను 5 శాతానికి దిగటానికి 2025 సెప్టెంబరు 22 దాకా ఆగవలసి వచ్చింది. స్త్రీ నుదుటిబొట్టు అవసరం, ఆమె శుభ్రత విలాసం అనే లెక్క అన్నేళ్ళు నడిచింది.

ఇక షాంపూ విషయం. ఈ మాటే మనది. నొక్కటం, మర్దన చేయటం అనే అర్థంగల హిందీ "చాంపో"నుంచి వచ్చింది. పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ అనే ఆయన 19వ శతాబ్ది ఆరంభంలో ఇంగ్లండులోని బ్రైటన్‌లో ఆవిరిస్నానం, మర్దనాలయం పెట్టి ఈ మాటకు అక్కడ ప్రాచుర్యం తెచ్చాడు. పోయినప్పుడు మర్దన, తిరిగి వచ్చినప్పుడు తలరుద్దుకునే ద్రవం, అదీ సీసాలో, ఖరీదు కట్టుకుని. చాలాకాలం ఆ సీసా పట్నపు ఇళ్ళ గడప దాటలేదు. మిగతా జనం ఒంటికి వాడే సబ్బే తలకూ వాడారు.

దీన్ని మార్చినది పెద్ద కంపెనీ కాదు; తమిళనాడులోని కడలూరులో ఒక చిన్న కుటుంబం. చిన్ని కృష్ణన్ అనే ఆయన 1970లలో ద్రవాలను చిన్న ప్లాస్టిక్ పొట్లాలలో నింపి అమ్మే పద్ధతిమీద పట్టుబట్టి పనిచేశాడు. డబ్బున్నవాడు వాడేది కూలివాడూ, రిక్షావాడూ కొనగలగాలన్నది తండ్రి ఆలోచన అని కొడుకులు తరువాత చెప్పుకున్నారు. కుటుంబం "వెల్వెట్" పేరుతో పొట్లాల షాంపూ తెచ్చింది. అందులోనుంచి వేరుపడిన సి. కె. రంగనాథన్ 1983లో 15,000 రూపాయలతో "చిక్" షాంపూ మొదలుపెట్టాడు. ఊళ్ళు తిరిగి జనం ముందే తలరుద్ది చూపించారు. అయిదు ఖాళీ పొట్లాలు తెచ్చిస్తే ఒక షాంపూ పొట్లం ఉచితం అన్నారు. 1999 నాటికి పొట్లం వెల 50 పైసలకు దిగింది. తరువాత పెద్ద కంపెనీలన్నీ ఆ దారికే వచ్చినవి.

ఇక్కడ మనవాళ్ళు తరచు ఒక పొరపాటు చేస్తారు. చిన్న పొట్లం కొనే పేదవాడు ఎప్పుడూ ఎక్కువ ధరే చెల్లిస్తాడని పుస్తకాల సూత్రం. అనేక సరుకుల విషయంలో అది నిజమే. కాని మన దేశంలో షాంపూ పొట్లాన్ని మిల్లీలీటరు లెక్కన చూస్తే చాలాసార్లు సీసాకంటే చవక పడుతుంది. అంటే పొట్లాలు కొనే కూలి స్త్రీకి లెక్క తెలియదని జాలిపడే మధ్యతరగతి మనిషే లెక్క తప్పుతున్నాడు. పొట్లం లాభమెంతో దాని నష్టమూ అంత స్పష్టమే: పొరలు పొరలుగా అతికిన ఆ ప్లాస్టిక్‌ను తిరిగి కరిగించి వాడటం కష్టం. అది కాలవలో చేరుతుంది. ఆ కాలవ పక్కన కాపురముండేది ఆ షాంపూ కొన్నవారే.

ఇంతవరకు చెప్పినది అవసరం తీర్చే సరుకు చవకైన చరిత్ర. దాని పక్కనే మరో సరుకు కూడా చవకైంది. అది సిగ్గు.

తెలుపు మీద మోజు కంపెనీలు పుట్టించినది కాదు. కులమూ, కట్నమూ, పరాయిపాలనా దాన్ని ముందే నాటినవి. పెళ్ళిచూపుల్లో "పిల్ల చామనఛాయ" అని గొంతు తగ్గించి చెప్పటం ఏ ప్రకటనా నేర్పలేదు. కంపెనీలు ఆ గాయాన్ని బజారుగా మార్చినవి. సినిమాతార సబ్బు వాడుతుందనే ప్రకటన 1941లో లీలా చిట్నిస్‌తో లక్స్ మన దేశంలో మొదలుపెట్టింది. అక్కడ ఆశ వున్నది, అవమానం లేదు. 1975లో వచ్చిన "ఫెయిర్ అండ్ లవ్లీ" ప్రకటనల్లో కథ మారింది. నల్లగా వున్న అమ్మాయికి ఉద్యోగం రాదు, సంబంధం కుదరదు. క్రీము రాసుకోగానే రెండూ వస్తాయి. పొట్లాల షాంపూతో పైకొచ్చిన కడలూరు కంపెనీ కూడా 1998లో తన తెలుపు క్రీము తెచ్చింది. కూలివాడికీ అందాలన్న ఆశయం కూలివాడి కూతురి రంగును తప్పుపట్టే సరుకు దాకా రావటానికి 15 ఏళ్ళు చాలినవి.

దీన్ని ఎదిరించినది మహిళా ఉద్యమమే. కొడుకు లేడని తండ్రి వాపోతుండగా, కూతురు క్రీము రాసుకుని విమానంలో ఉద్యోగం సంపాదించే ప్రకటనమీద ఐద్వా 2002లో జాతీయ మానవహక్కుల సంఘం దాకా వెళ్ళింది. ప్రభుత్వం అభ్యంతరం చెప్పిన మీదట 2003లో ఆ కోవ ప్రకటనలు కొన్ని ఆగిపోయినవి. నల్లరంగును తక్కువగా చూపరాదని ప్రకటనల ప్రమాణ మండలి 2014లో నియమం పెట్టింది. 2020లో ఆ క్రీము పేరులోనుంచి "ఫెయిర్" పోయి "గ్లో" వచ్చింది. పేరు మారింది; డబ్బా బజారులోనే వున్నది.

పేరుగల క్రీముకంటే పేరులేని క్రీము మరీ ప్రమాదం. తెల్లబరుస్తామని చెప్పే చవక క్రీములు కొన్నింటిలో పాదరసం వుంటుంది. అది చర్మంలోనుంచి శరీరంలోకి పోయి మూత్రపిండాలను చెడగొడుతుంది. 2020 నాటి నిబంధనలు పాదరసం కలిపిన అలంకరణ వస్తువుల తయారీనీ దిగుమతినీ నిషేధించినవి. ఇక మందుల షాపులో చీటీ లేకుండా కొని నెలల తరబడి ముఖానికి రాసుకునే స్టిరాయిడ్ ట్యూబుల సంగతి. మొదటి వారం ముఖం తేటగా కనబడుతుంది. ఆ తరువాత చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు వేసి, క్రీము మానితే మండుతుంది. చర్మవైద్యులు సంవత్సరాలపాటు పోరగా 2018లో ప్రభుత్వం 14 రకాల స్టిరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేనిదే అమ్మరాని జాబితాలో చేర్చింది. నియమం వున్నంత మాత్రాన అమ్మకం ఆగలేదన్నది మన వీధుల్లోనే తెలుస్తుంది.

చవక సరుకు ఖరీదును కొన్నవారే కాక, కనబడనివారు కూడా చెల్లిస్తారు. కంటిరెప్పల రంగులోనూ పెదవిరంగులోనూ మెరిసేది తరచు అభ్రకం. అభ్రకం మనకు కొత్తది కాదు; పూర్వపు నెల్లూరు జిల్లాలో గూడూరు ప్రాంతపు గనులు దానికి ప్రసిద్ధం. జార్ఖండ్, బీహారులలో 1980 నాటి అటవీ చట్టం తరువాత అనేక గనులు మూతపడినా తవ్వకం ఆగలేదు. అది చట్టం కంటికి కనబడని గుంతల్లోకి పోయింది. ఆ గుంతల్లో పిల్లలు అభ్రకం ఏరుతూ, మట్టి విరిగిపడి చనిపోతున్నారని 2016లో పత్రికలు వెల్లడించినవి.

దీనికి విరుద్ధమైన ప్రయత్నం కూడా మన దగ్గరే వున్నది. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ మన్యంలో కుంకుడుకాయలు, శీకాయ, తేనె ఏరి తెచ్చే గిరిజనుల దగ్గర దళారీ లేకుండా కొని, సబ్బులుగా, పొడులుగా చేయించి తన డిపోలలో అమ్ముతున్నది. దానికి లోపాలు లేవని కాదు. అయినా ఏరినవాడికి గిట్టుబాటు, కొన్నవాడికి చవక అనే రెండూ ఒకే సరుకులో కుదరవచ్చునని చూపటానికి ఆ ఉదాహరణ చాలు.

ఇంత చరిత్ర తరువాత, మొదట చెప్పిన ఆ బట్టలకొట్టు అమ్మాయి దగ్గరకు తిరిగి వద్దాం. ఆమెకు మనం ఏమి చెప్పగలం? కొనవద్దని చెప్పటానికి మనకు హక్కు లేదు. ఎంచుకోవటానికి సాయపడవచ్చు.

సబ్బు కొంటున్నప్పుడు సినిమాతార బొమ్మను కాక, కింద సన్నని అక్షరాల్లో వుండే టి.ఎఫ్.ఎం. అంకెను చూడాలి. సబ్బులో అసలు కొవ్వుపదార్థం ఎంతో అది చెబుతుంది. ప్రమాణాల ప్రకారం ఒంటిసబ్బులో మొదటి తరగతికి 76 శాతం, రెండో తరగతికి 70, మూడో తరగతికి 60 వుండాలి. "బేతింగ్ బార్" అని రాసివుంటే అది ఈ తరగతుల్లో చేరదు. ఖరీదైన సబ్బుకు తక్కువ అంకె, చవక సబ్బుకు ఎక్కువ అంకె వుండటం అరుదు కాదు. షాంపూనూ నూనెనూ మిల్లీలీటరు లెక్కన పోల్చాలి. క్రీము డబ్బామీద పదార్థాలను ఎక్కువ పాళ్ళున్నది ముందు వచ్చేలా రాస్తారు. డబ్బా ముందువైపు ఘనంగా చాటిన కుంకుమపువ్వో, కలబందో వెనుకవైపు జాబితాలో చివరన వుంటే ఆ ఖరీదు పేరుకే. తయారీ లైసెన్సు నంబరు, తేదీ, చిరునామా లేని సరుకు ఎంత చవకైనా ముట్టరాదు. జుట్టుకు వేసే నల్లరంగులలో వుండే పి.పి.డి. అనే రసాయనం కొందరికి తీవ్రమైన దద్దురు, వాపు తెస్తుంది. నల్ల గోరింటాకు అని అమ్మేవాటిలోనూ అది వుండవచ్చు. కొంచెం రాసి రెండు రోజులు చూసిన తరువాతే తలకు వేసుకోవాలి. పొడిచర్మానికి కొబ్బరినూనో, మామూలు గ్లిసరినో చేసే పనిని వందల రూపాయల సీసా అంతకంటే గొప్పగా చేయకపోవచ్చు. ఎండలో పనిచేసేవారి చర్మానికి కావలసింది తెలుపు కాదు, ఎండనుంచి రక్షణ. తలగుడ్డా, నీడా, మధ్యాహ్నపు విరామమూ అందులో భాగమే. ఆ చివరి రెండూ కొట్లో దొరకవు, పోరాడి తెచ్చుకోవాలి.

అందంగా కనబడాలనే కోరిక ఒక వర్గం సొత్తు కాదు. కూలివాడి భార్య జడలో పువ్వు పెట్టుకుంటే కళ, గుమాస్తా చెల్లెలు పౌడరు రాసుకుంటే పతనం అనే సాహిత్యన్యాయం చెల్లదు. శుభ్రంగా, ఉల్లాసంగా నలుగురిలోకి రాగలగటం మనిషి గౌరవానికి సంబంధించిన విషయం. అది చవకగా అందటం ప్రజల విజయం. ఆ చవక సరుకుతోపాటు పొట్లం కట్టి ఇస్తున్న సిగ్గును తిరస్కరించటం, దాని వెనుక గుంతల్లో పోతున్న పసివాళ్ళ ప్రాణాలను లెక్కలోకి తేవటం మన పని. ఇకమీదట మన కథల్లో ఒక అమ్మాయి అద్దం ముందు నిలబడితే, ఆమె చేతిలోని డబ్బాను చూసి నవ్వే ముందు, ఆ డబ్బామీద ఏమి రాసివున్నదో రచయిత చదివి వుండాలి.